ఓడ చార్జీ దిగుతుందని ఆగాం

ఆదోని, శుక్రవారం, 1978

ఓడ ప్రయాణానికి మా ఆయన గుండె తట్టుకోదని కర్నూలు డాక్టరు ఈరోజు తేల్చి చెప్పాడు. మా హజ్ దరఖాస్తు ఇక పంపేది లేదు.

బొంబాయి ఓడకు ఇద్దరి చార్జీ నేను ఐదేళ్ల కిందటే సిద్ధం చేశాను. ఈ ఏడే పోదామని ఏటా చెబుతూనే వచ్చాను. ఆయన పత్తి వ్యాపారి. మార్కెట్టుకు సరుకు దండిగా వస్తే ధర పడుతుందని, అప్పటిదాకా కొనకుండా ఆగడం అలవాటు. ఓడ చార్జీ కూడా అలాగే పడుతుందని ఆగారు. అది ఏటా పెరిగింది.

"ఓడ టికెట్టు పత్తి మూట అనుకుంటివా అబ్బాజాన్?" అన్నాడు మా అబ్బాయి రషీద్.

ఆయన నవ్వారు. "ఈ బేరంలో ఓడిపోతిలేరా. మీ అమ్మను నువ్వు తోడుకొని పో."

ఆయన లేకుండా నేనెట్లా పోతాను? కోప్పడదామంటే ఎవరి మీద?

సాయంత్రం ఆయన హజ్‌లో కట్టుకోవాలని ఎప్పుడో కొని దాచుకున్న తెల్లగుడ్డలు పెట్టెలోంచి తీసి నా చేతికిచ్చారు.

"నన్ను సాగనంపే రోజు ఇవే కప్పాల. ఇవి మాత్రం రేటు పెరగకముందే కొంటి సూడు" అన్నారు.