ముళ్లకంప లోపల పాట

పుల్లలచెరువు, మంగళవారం.

నాయనకు ఓబులమ్మ దండాలు. నేను క్షేమమే, అమ్మను కంగారు పెట్టొద్దు.

నిన్న పట్టపగలు నేను నడిపే బాలవాడి వాకిట్లోకి తోడేలు వచ్చింది. అరిస్తే పోయింది. పొద్దుగూకేలోగా తల్లులంతా కలిసి, గొర్రెపిల్లల దొడ్డికి వేసినట్టే, పాక చుట్టూ ముళ్లకంప వేశారు. "నువ్వుండావు గదమ్మా, మాకేంది భయం" అని రంగమ్మక్క పొద్దున బిడ్డను నా ఒళ్లో పెట్టి కూలికి పోయింది. నాకు మాత్రం ఆకు కదిలినా అదేనేమో అనిపిస్తోంది.

మంద కాసే మన నల్లకుక్కను చిన్నాయన వెంట తొందరగా పంపించు. కొమరోలులో వాన పడిందా? అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? అందరినీ అడిగినట్టు చెప్పు.

పిల్లలకు భయం తెలియకూడదని పాట పాడిస్తున్నాను. నా గొంతు వణుకుతుంటే, పాటే అంతనుకుని వాళ్లూ వణికిస్తూ పాడుతున్నారు నాయనా.