పదిమంది కోసం కొండెక్కిన లాజర్

లాన్సెస్టన్, టాస్మానియా

యూదు కొండనడక సంఘం కార్యదర్శి తిర్జా కామినర్ గారికి,

షాలోమ్. నా పేరు లాజర్ పిన్స్కియర్. డెబ్బై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు ఇంకా నావే. ఈ మన అదార్ నెల తొమ్మిది, ఆదివారం, మా తమ్ముడు మెండెల్ పోయిన తిథి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తప్పకుండా పోయిన వాడి కోసం కద్దిష్ చదివాను. పదిమంది లేనిదే ఆ ప్రార్థనకి నోరు తెరవకూడదని మీకు తెలుసు. మా మందిరంలో నలుగురం మిగిలాం, అందులో ఒకడు ఎప్పుడూ నిద్రే. ఆ రోజు మీ వాళ్ళు కొండమీది గుడిసెలో ఉంటారని ప్రకటనలో చూశాను. సినాయి కొండ మోషే ఒక్కడే ఎక్కాడు, మిగతా జనం కిందే ఉన్నారు. నేనెప్పుడూ ఆ మిగతా జనమే. అయినా వస్తాను. పదిమంది ఉంటారా?

ఇట్లు,
లాజర్

తా.క. పైన టీ దొరుకుతుందా? దొరక్కపోతే ముందే చెప్పండి, మొహం దానికి తగ్గట్టే పెట్టుకుని వస్తాను.

హోబర్ట్

లాజర్ గారికి,

మీతో కలిపి పద్నాలుగు మందిమి. ఎవరి కాలు బెణికినా మీ కద్దిష్ ఆగదు. దారి ఆరు గంటలు. బూట్లు, వానకోటు తెచ్చుకోండి. టీ ఉంది.

మీ
తిర్జా

తా.క. జలగలున్నాయి. నెత్తురు ముట్టకూడదన్న మన ఆహార నియమాలు వాటికి లేవు.

లాన్సెస్టన్

అమ్మాయ్ తిర్జా,

బూట్లు కొన్నాను. అలవాటు కావాలని మూడు రోజులుగా ఇంట్లో వాటితోనే తిరుగుతున్నాను. సైన్యంలో చేరారా అని పక్కింటావిడ అడిగింది. అందరి పేర్లూ ఒకసారి రాసి పంపు.

లాజర్

హోబర్ట్

లాజర్ బాబాయ్ గారికి,

జాబితా జత చేశాను. మీతో కలిపి మగవాళ్ళు ఆరుగురు, ఆడవాళ్ళం ఎనిమిది మందిమి.

తిర్జా

లాన్సెస్టన్

అమ్మాయ్,

నేను పదిమందిని అడిగితే నువ్వు ఆరుగురిని చూపించావు. ఆడవాళ్ళంటే నాకు గౌరవమే, మెండెల్‌కైతే భయం కూడా ఉండేది. కానీ మా మందిరంలో ఆడవాళ్ళు మేడమీద కూర్చుంటారు, లెక్కలోకి రారు. ఇంకో నలుగురు మగవాళ్ళని చూడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఆనవాయితీ నా చేతిలో తప్పకూడదు.

లాజర్

హోబర్ట్

బాబాయ్ గారికి,

నలుగురు దొరికారు. కాలేజీ కుర్రాళ్ళు, కొండలెక్కడం మంచినీళ్ళు తాగినంత తేలికంటున్నారు.

తిర్జా

తా.క. మీ మూట ఆడవాళ్ళం వంతులవారీగా మోస్తాం. మోతలోనైనా మమ్మల్ని లెక్కలో వేసుకోండి.

లాన్సెస్టన్

అమ్మా తిర్జా,

ఇల్లు చేరాను. ఆ మగధీరులు నలుగురూ మొదటి వానకే వెనక్కి తిరిగారు కదా. మీరు ఎనిమిది మందీ నా మూటతో పాటు, వాగు దగ్గర నన్నూ మోశారు. గుడిసెలో నేను మగవాళ్ళ లెక్క చాలక గోడవైపు తిరిగినప్పుడు, "మొదలుపెట్టండి బాబాయ్, ఆమెన్ మేం అంటాం" అన్నావు. అలా కుదరదని చెబుదామనే నోరు తెరిచాను. కద్దిష్ వచ్చింది. కళ్ళు మూసుకుని చదివాను. పదమూడు గొంతులు ఆమెన్ అన్నాయి. కళ్ళు మూసుకున్నవాడికి మేడమీద ఎవరో కింద ఎవరో ఏం తెలుస్తుంది?

మెండెల్ ఇరవై ఏళ్ళు నన్ను కొండకి రమ్మని బతిమాలాడు. వాడికి అక్కడ ఏం కనిపించేదో ఇప్పుడు తెలిసింది.

ఇక అసలు సంగతి. ఈ ఏడు మనకి అధికమాసం, అదార్ రెండుసార్లు వస్తుంది. తిథి మొదటి అదార్‌లో అని కొందరు పెద్దలు, రెండోదాంట్లో అని కొందరు. జాగ్రత్తపరుడు రెండూ పాటించాలట. ఇన్నేళ్ళూ నేను మొదటిదాంతోనే సరిపెట్టాను. ఈ మధ్య నాకు జాగ్రత్త ఎక్కువైంది.

వచ్చే నెల తొమ్మిది మంగళవారం పడింది. గుడిసె మాట్లాడి ఉంచు.

నీ బాబాయ్
లాజర్

తా.క. ఆ నలుగురికీ కబురు పెట్టకు. పదిమందికి పైగా ఉన్నాం.