పసుపు గీత దగ్గర మోగని సైరన్

ఆదివారం, మధ్యాహ్నం
పంపుల షెడ్డు వెనక క్వార్టరు

గౌరవనీయులైన బావగారికి,

మీ తమ్ముడి భార్య నమస్కరించి రాస్తున్నది. మీరు, అక్క, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేమూ అలాగే ఉన్నామని రాయడం పద్ధతి. రాయలేను. అబద్ధంతో మొదలుపెడితే ఉత్తరం చివరిదాకా అలాగే నడుస్తుందని భయం.

పెళ్లయి ఇన్నేళ్లలో మీతో నేను మాట్లాడినవి టీ తీసుకోండి, అక్క బాగున్నారా అన్న రెండు ముక్కలే. మీరు వస్తే వంటింటి గుమ్మం దాటను. ఈ అమ్మాయికి నోట్లో నాలుక ఉందా అని మీరు ఒకసారి మీ తమ్ముణ్ణి ఆటపట్టించారు. ఉంది బావగారూ. ఐదో తరగతితో ఆగిన చదువు కనుక తప్పులుంటే దిద్దుకుని చదవండి. కానీ పూర్తిగా చదవండి.

ఇక్కడి సంగతులు మీకు తెలిసినవే అయినా మళ్లీ చెబుతాను. టీవీలో మీరు చెప్పిన తీరు వేరు కదా. షెడ్డు గోడ మీద రెండు గీతలున్నాయి. కాలువ నీళ్లు పసుపు గీతను తాకితే కాపలా ఉండాలి, ఎర్ర గీతను తాకితే సైరన్ వేసి తీరాలి. ఆ రెండింటి మధ్యలో వేయాలా వద్దా అన్నది అక్కడున్న మనిషి ఇష్టం. ఇదివరకటి ఆపరేటరు ఎర్ర గీత దాకా కదిలేవాడు కాదట. మీ తమ్ముడు పసుపు దగ్గరే వేసేవారు. కారణం దుప్పట్లమ్మ.

పాత గుడ్డలతో దుప్పట్లు కుట్టే ఆ ముసలావిడది కాలువ కట్ట కింద చివరి ఇల్లు. మోకాళ్లు పనిచేయవు. బేకరీ అన్నదమ్ములిద్దరూ కుర్చీతో సహా ఎత్తి పిండిమిల్లు మేడ మీదికి చేర్చాలి. అందుకు వ్యవధి కావాలి. చాలాసార్లు నీళ్లు పసుపును తాకి వెనక్కి పోయేవి. వీధంతా సణుక్కుంటూ మేడల మెట్లు దిగేది. దుప్పట్లమ్మ మాత్రం, నీళ్లు రాకపోయినా నీ కూత టంచనుగా వస్తుందిరా అబ్బాయ్, నన్ను మోసి మోసి వీళ్ల నడుములు విరిగితే వీళ్లకి పిల్లనెవరిస్తారు అని నవ్వేది. మళ్లీ కూత వినబడితే అందరికంటే ముందు కుర్చీలో కూర్చునేదీ ఆవిడే.

వాతావరణం మారుతోందన్న గోలంతా భయాల బేరమని మీరు టీవీలో చర్చకు వెళ్లిన రోజు వీధి వీధంతా బేకరీలో చేరింది. మన పెద్దాయన మాట్లాడతారని మీ తమ్ముడు ముందు వరసలో స్టూలు వేసుకుని కూర్చున్నారు. అప్పుడు మీరన్నారు, మా ఇంట్లోనే ఒక నాన్నా పులి ఉన్నాడండీ, మబ్బు కనబడితే చాలు సైరన్ కూయిస్తాడు, ఊరంతా మేడలెక్కుతుంది, అంతలో ఎండ కాస్తుంది, దేశమంతా ఇప్పుడు ఇలాంటి తమ్ముళ్లతోనే నిండిపోయింది అని. అక్కడ చప్పట్లు కొట్టారు. ఇక్కడా కొట్టారు. ఈయన కూడా కొట్టారు బావగారూ. చూశావా, అన్నయ్య నా గురించి చెప్పాడు అని నాతో అన్నారు. ఆ రాత్రి ఆయనకి అన్నం సహించలేదు. ఎందుకని అడిగితే ఆకలి లేదన్నారు.

మర్నాటి నుంచి ఆయన పేరు పోయింది. పులీ, ఇవాళ వస్తున్నట్టా అని పాలవాడు. పులిగారూ, గొడుగు తెచ్చుకోమంటారా అని సెలూన్ అతను. చిన్న మాటే. నరం లేని నాలుకకి చిన్నదే. వినే చెవికి కాదు. ఆయనకి తన కళ్ల మీద తనకే నమ్మకం పోయింది. గీత దగ్గరికి నాలుగుసార్లు వెళ్లి చూసి, నాకు నిజంగానే పిరికితనమా అని నన్ను అడిగేవారు.

మీ ఎదురు కుర్చీలో కూర్చునే ప్రొఫెసరమ్మను వెనకేసుకొస్తున్నాననుకోకండి. పదేళ్లలో ఈ వీధే ఉండదని ఆవిడ టీవీలో తేల్చేసింది. అది విని కుట్టుమిషను వదిన పైకప్పు మరమ్మతు ఆపేసింది, మునిగిపోయే కొంపకి కప్పెందుకని. పదేళ్ల తర్వాతి సముద్రం సంగతి దేవుడెరుగు, ఈ ఏడాది వానకే ఆమె మంచం తడుస్తోంది. మీరు వద్దు భయపడకండి అంటారు, ఆవిడ భయపడి చావండి అంటుంది. సముద్రం పెరుగుతోందో లేదో తేల్చే చదువు నాకు లేదు. నీళ్లు ఇదివరకటి కంటే తొందరగా ఎక్కుతున్నాయని మీ తమ్ముడు మీకు చెప్పారు. ఒక్కడు చూసింది సాక్ష్యం కాదురా అని కొట్టిపారేశారు మీరు.

మొన్న ఆ మధ్యాహ్నం నీళ్లు పసుపు గీతను తాకాయి. ఆయన సైరన్ వేయలేదు. ఆగారు. సముద్రపు పోటు, వాన నీళ్లు కలిసి వచ్చేసరికి పసుపు నుంచి ఎర్రకి చూస్తుండగానే ఎక్కేశాయి. అప్పుడు వేశారు. నడవగలిగినవాళ్లు మేడలెక్కారు. బేకరీ అన్నదమ్ములు కట్ట కిందికి పరిగెత్తేసరికి నీళ్లు నడుము దాటాయి. ఆ బరువుకి దుప్పట్లమ్మ తలుపు తెరుచుకోలేదు. లోపలి నుంచి ఆవిడ పిలుస్తూనే ఉందని పెద్దవాడు చెప్పాడు. ఆ తర్వాత వాడు మా గుమ్మం వైపు చూడటం మానేశాడు.

మర్నాడు సాయంత్రమే మళ్లీ చర్చ. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ప్రొఫెసరమ్మ దుప్పట్లమ్మ తడిసిన మంచం ఫొటో గోడంత చేసి చూపించి, ఇదే తొలి బలి అంది. ఆ తొలి బలి ఎవరో, ఎవరి తల్లో ఆవిడకి అక్కర్లేదు. మీరైతే, ఆమెను చంపింది సముద్రమూ కాదు వాతావరణమూ కాదు, స్విచ్చి పక్కన కూర్చుని వేయని ఒక ఉద్యోగి నిర్లక్ష్యం అన్నారు. ఎవరా ఉద్యోగి అని అడిగితే, పేర్లెందుకులెండి అని పెద్దమనిషిలా చెయ్యి ఊపారు.

వేస్తే నాన్నా పులి. వేయకపోతే నిర్లక్ష్యం. మీ తమ్ముడు ఏం చేస్తే మీ నోటికి మంచివాడవుతాడు? చివర్లో మీరూ ఆవిడా నవ్వుకుంటూ చేతులు కలిపారు. అది చూసి నా చేతిలోని గిన్నె గోడకి విసిరాను. నాకే తెలియదు, నాకంత కోపం ఉందని.

ఇప్పుడు అసలు సంగతి. బుధవారం పొద్దున ఆఫీసులో విచారణ. ఎందుకు వేయలేదని అడుగుతారు. ఆయన గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుని, కునుకు పట్టింది సార్ అని వల్లె వేస్తున్నారు. మెలకువగా గీత వైపే చూస్తూ నిలబడ్డ మనిషి నిద్రపోయానని చెబుతాడట. ఎందుకండీ అని అడిగితే, అన్నయ్య పేరు మధ్యలోకి రాకూడదు, నువ్వు ఊరుకో అన్నారు. అమ్మానాన్న పోయాక మీరు భుజాన మోసి పెంచారని ఆయనకి జ్ఞాపకం. ఆ రుణం ఇలా తీర్చుకుంటున్నారు. ఉద్యోగం పోతుంది, కేసు అవుతుంది. అవి అలా ఉంచండి. ముసలమ్మ పిలుస్తుంటే వీడు గుర్రుపెట్టి నిద్రపోయాడని ఈ వీధి బతికినంతకాలం అనుకుంటుంది. ఆ మాట మోస్తూ ఆయన బతకలేరు. నేను చూస్తున్నాను, బతకలేరు.

మీరు బుధవారం రండి. నలుగురిలో మీరు చేసిన ఎగతాళి వల్లే మీ తమ్ముడి చెయ్యి వెనకాడిందని ఆ విచారణ బల్ల ముందు ఒక్క మాట చెప్పండి. చర్చల్లో అంతసేపు మాట్లాడతారు, ఇది ఎంతసేపు?

ఈ ఉత్తరం రాసినట్టు ఆయనకి తెలియదు. అక్కని అడిగానని చెప్పండి.

ఇలా రాయవలసి వచ్చిన
మీ మరదలు

తా.క. పైన రాసింది మీ మర్యాద కోసం. కవరు అంటించబోతుంటే చెయ్యి ఒప్పుకోలేదు, అందుకే ఇది కూడా. ఆ మధ్యాహ్నం నేను ఆయనకి క్యారియరు తీసుకుని షెడ్డుకి వెళ్లాను. పంపు విప్పి ఉన్నందువల్ల ఆయన చేతులనిండా గ్రీజు. ఫోను అరమీద పెట్టి స్పీకరులో మీతో మాట్లాడుతున్నారు. అన్నయ్యా, నీళ్లు పసుపు మీదున్నాయి, వేసేయనా అని అడిగారు. వద్దురా, రేపు నాకు మళ్లీ చర్చ ఉంది, నువ్విప్పుడు కూయించావంటే మీ తమ్ముడే భయపడ్డాడుగా అని ఆవిడ దాన్నే పట్టుకుని నన్ను ఆడుకుంటుంది, ఎర్ర గీత దాకా ఆగు, అంతలో కొంపలేం మునిగిపోవు అని మీరన్నారు. సరే అన్నయ్యా అని ఆయన గ్రీజు చేతులు తుడుచుకున్నారు. నేను తలుపు పక్కనే ఉన్నాను. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో నోరు పెట్టకూడదని నేర్పిన పెంపకం నాది. ఆ పెంపకం ఆ రోజుతో సరి. బుధవారం ఆ బల్ల ముందు ఈ మాటలు ఎవరో ఒకరు చెబుతారు బావగారూ. మీరైతే మీ తమ్ముడికి అన్న మిగులుతాడు. రాకపోతే నేను చెబుతాను.