మక్కలు ఆరబోసిన రోడ్డు

2011 అక్టోబరు 11, మంగళవారం.

నాన్నా, ఈ రోజు అమ్మే నీ జీపు తాళంచెవి నా చేతిలో పెట్టింది. సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. నానమ్మను దవాఖానకు తీసుకెళ్లాలి, మామ రోజూ వచ్చి నడపలేడు, అందుకే నాకు నేర్పుతున్నాడు.

కౌడిపల్లి దారిలో సగం రోడ్డు మీద మొక్కజొన్న ఒలిచి మక్కలు ఆరబోశారు. నీ బైకు జారి నువ్వు పోయింది అలాంటి గింజల మీదే. చూడగానే నా కాలు బ్రేకు మీద బిగుసుకుంది. జీపు మక్కల మీదికి జారి, చివర పెట్టిన రాయికి తగిలి ఆగింది.

"గింజల మీద బ్రేకు తొక్కుతరా బిడ్డా? కాలు తియ్యి, స్టీరింగ్ సీదా పట్టు!" అన్నాడు పక్క సీట్లోంచి మామ.

మక్కలు తిప్పుతున్న అవ్వ "నా మక్కలు పిండి చేసినవ్ గదనే!" అని అరిచింది.

వెనక సీట్లో ఉన్న అమ్మ ఇంటికొచ్చాక అంది: "రేపు పొద్దుగాల మళ్ల పోదాం. మక్కలు ఆరబోసినంకనే పోదాం, ఆ రోడ్డు మీదనే నడపుడు నేర్చుకో."