దువ్వెన బిల్డింగ్ చరిత్ర రాసే ఉద్యోగం

మార్చి 3

ఉద్యోగం వచ్చింది. హిస్టరీలో ఎం.ఏ. చేసి ఏం ఊడబొడుస్తావని అడిగినవాళ్ళందరికీ జవాబు దొరికింది. ఒక బిల్డింగ్ చరిత్ర రాస్తాను.

మెయిన్ రోడ్డు మీది దువ్వెన బిల్డింగ్. ఐదంతస్తులు. రోడ్డు వైపు కింది నుంచి పైదాకా నిలువు కాంక్రీటు రెక్కలు, దువ్వెన పళ్ళలా. అసలు పేరు గేటు మీద ఇత్తడి అక్షరాల్లో ఉంది, ఎవరూ పలకరు. కట్టించినాయన మనవడే ఇప్పుడు ఓనరు. అందరూ చిన్న సారు అంటారు. వాచీ పెద్దది, చూపు చిన్నది. బిల్డింగ్‌ను రెనొవేట్ చేస్తున్నారట, ఆ సందర్భంగా ఒక పుస్తకం కావాలట.

రెండో అంతస్తులో మా పిన్నికి టైలరింగ్ షాపు ఉందని ఇంటర్వ్యూలో చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి.

మార్చి 9

ఇవాళంతా ర్యాంపు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను. ఈ బిల్డింగ్‌లో మెట్లు లేవు. మధ్యలో గుండ్రంగా తిరుగుతూ పైదాకా వెళ్ళే వాలుదారి ఒక్కటే. సామాన్ల బళ్ళు, ముసలివాళ్ళు, ఫోన్లో ప్రేమించుకునేవాళ్ళు, అందరూ అందులోనే.

ఒక్కొక్కరిదీ ఒక్కో చరిత్ర. దువ్వెనలో పళ్ళ డాక్టరు అన్న జోకు మొదట వేసింది నేనే, రాసుకో అమ్మాయ్ అన్నాడు మూడో అంతస్తు పళ్ళ డాక్టరు. ఫోటో స్టూడియో ఆవిడ చెప్పింది పనికొచ్చేది. కట్టిన కొత్తలో జనం దీన్ని జైలనుకునేవారట. షాపులన్నీ ఖాళీ. తర్వాత ఒక ఎండాకాలం కరెంటు లేక వీధి వీధంతా మూతబడింది. ఇక్కడ మాత్రం పని ఆగలేదు. రెక్కలు పడమటెండను బయటే నిలబెట్టి గాలిని లోపలికి పంపుతాయి. అంతే, మర్నాటి నుంచి జైల్లో చోటు కోసం జనం రికమండేషన్లు పట్టుకొచ్చారట.

పిన్ని మాత్రం, ఏమే, ఊరికే చెప్తారా చరిత్రలు, కూర్చుని ఈ గుండీలు కుట్టు అంది. కుట్టాను.

మార్చి 16

చిన్న సారుకి నా పేజీలు ఇచ్చాను. చదవలేదు, వాటితో విసురుకున్నాడు. ఇందులో విజన్ లేదు అన్నాడు.

విజన్ అంటే ఏమిటో మెల్లగా తెలిసింది. పాతది చీకటి, ఉక్క, డేంజర్ అని రాయాలి. రెక్కలన్నీ కోసేసి గోడంతా అద్దం పెడతారు. ర్యాంపు తీసేసి లిఫ్టులు పెడతారు. షాపులవాళ్ళు టెంపరరీగా ఖాళీ చేస్తామని సంతకాలు పెట్టాలి. ఆ మీటింగ్‌లో నేను ఈ చరిత్ర చదివి వాళ్ళ మనసు విరిచేయాలి. మళ్ళీ లోపలికి రానిస్తామన్న మాట ఆ అగ్రిమెంటులో ఎక్కడా లేదు. అడిగాను. నువ్వు హిస్టరీ చూసుకోమ్మా, ఫ్యూచర్ నేను చూసుకుంటా అన్నాడు.

అంటే నా చేత్తో పిన్నిని వెళ్ళగొట్టించడం.

మార్చి 16, సాయంత్రం

రాసిచ్చెయ్ తల్లీ, నీ పేరెవడు చూడొచ్చాడు అన్నాడు నాన్న. ఏడాది నుంచి నేను ఇంట్లో కూర్చోవడం చూసి చూసి విసిగిపోయాడు పాపం. నేనూ విసిగిపోయాను.

మార్చి 17

రాయను.

మార్చి 24

శాంపిల్ చూపించడానికి రెండు రెక్కలు కోసేశారు. సరిగ్గా పిన్ని షాపు కిటికీ ముందు. రోడ్డు మీంచి ఫోటోలో అక్కడైతే బాగా పడుతుందట. కిటికీ తీసేసి నీలం అద్దం బిగించారు.

పిన్ని రోడ్డు దాటి వెళ్ళి చూసొచ్చింది. బాగుందే, మన షాపు కనపడటం లేదు, ఎదుటివాడి బోర్డు కనపడుతోంది అంది.

ఎండ వాలేసరికి ఇస్త్రీ బల్ల కారిడార్‌లోకి వచ్చింది. దాని వెనకే పిన్ని. ఇక ఇస్త్రీ పెట్టె దండగ, చొక్కాలు లోపల కాసేపు పరిస్తే చాలు అంది. నవ్వుతూనే అంది. మెడంతా చెమటకాయలు.

మార్చి 25

రాయనన్న సంగతి చిన్న సారుకి ఇంకా చెప్పలేదు. మీటింగ్ ఏర్పాట్లు కూడా నా నెత్తినే పడ్డాయి. ఎక్కడ పెట్టమంటారని అడిగాను. కొత్త అద్దం అందరికీ కనపడేలా పెట్టు అన్నాడు చిన్న సారు.

చిత్తం.

ఏప్రిల్ 2, మీటింగ్ అయ్యాక



పిన్ని షాపులోనే పెట్టాను, సరిగ్గా ఎండ వాలే వేళకి. చిన్న సారు సూటులో వచ్చాడు. ఫోటోలకి బాగుంటుందని అద్దం పక్కనే కూర్చోబెట్టాను. కిటికీ తెరవమన్నాడు. ఇది తెరుచుకోదు సార్, డిజైనే అంత అన్నాను.

నా పేజీలు తీశాను. మొదట ఇచ్చినవే, ఒక్క ముక్క మార్చలేదు. జనం జైలనుకున్న ముక్క దగ్గర ఆయన టై వదులు చేశాడు. రెక్కలు వద్దన్న వాళ్ళ తాతని డిజైనర్ వేసవి ఎండలో నిలబెట్టి ఒప్పించిన ఘట్టానికి కోటు విప్పేశాడు. పిన్ని అందుకుని, లైనింగ్ చిరిగింది బాబూ, కుట్టమంటారా అంది. షాపంతా నవ్వు. ఆపు అన్నాడు నాతో. ఆపలేదు. కరెంటు లేని ఎండాకాలం దాకా చదివాను.

అప్పుడు ఫోటో స్టూడియో ఆవిడ లేచింది. సంతకం ఎంతసేపు బాబూ, మేం పెట్టేదాకా మీరు ఆ కుర్చీలోంచి లేవకండి చాలు అంది. పెన్ను తీసి మూత మాత్రం తియ్యలేదు. అందరూ అలాగే. చిన్న సారు చూసి చూసి కారిడార్‌లోకి వెళ్ళిపోయాడు. అక్కడ, పక్క షాపుల్లోంచి, మిగిలిన రెక్కల సందుల్లోంచి గాలి వస్తోంది. అబ్బా అన్నాడు. హాయిగా అన్నాడు. అందరం విన్నాం.

ఒక్క సంతకం పడలేదు.

ఏప్రిల్ 3

ఉద్యోగం పోయింది. అసలు నిన్ను ఎవరు పెట్టారు అని అరిచాడు ఫోన్లో. మీరే సార్ అన్నాను.

ఏప్రిల్ 12, ఆదివారం

లాయరు నోటీసు అంటించి వెళ్ళారు. శాంపిల్ మీద చెయ్యి వేస్తే కేసు పెడతారట.

అందరం వేశాం. అద్దం పగలకుండా దించి, దుప్పటి చుట్టి, చిన్న సారు ఆఫీసు తలుపుకి ఆనించాం. పళ్ళ డాక్టరు మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి, పన్ను కట్టించడం నాకు రాదా అన్నాడు. ముందు ఒక రెక్క పోశారు. నాన్న పిలవకుండానే వచ్చి ఇసుక జల్లించాడు. వెళ్తూ వెళ్తూ నా పేజీలు ఒక కాపీ అడిగాడు.

కేసు పెట్టుకోనీ. అదీ రాస్తాను.

ఏప్రిల్ 14

కొత్త రెక్కకి తడి గోనె చుట్టి నీళ్ళు పోస్తున్నాను. జ్వరం ఎంతుంది అని అడిగాడు కింది టీకొట్టాయన. తగ్గుతోందని చెప్పాను.