గ్లాసు మీద చుక్క

కల్హేర్,
జూలై 2012

అత్తమ్మా,

వందనాలు అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా వందనాలు.

నా రక్తంలో హెపటైటిస్ సి ఉందని తెలిసిన సాయంత్రమే నా స్టీలు గ్లాసుకు గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టావు. ఊరుకున్నాను. ఆదివారం ప్రభురాత్రి భోజనంలో, అందరూ తాగే ద్రాక్షరసం గిన్నె నా దాకా వచ్చేసరికి సంచిలోంచి ఆ గ్లాసు తీసి, "రోజకు గిండ్ల పొయ్యున్రి అయ్యగారూ" అన్నావు. చర్చి అంతా చూసింది. నా మొగుడు తిమోతి, నీ కొడుకు, నేల చూశాడు. నీ బిడ్డ గ్లోరీకైతే అట్లా చేసేదానివా? అందుకే పాపను ఎత్తుకుని అటునుంచి అటే అమ్మగారింటికి వచ్చేశాను.

"పాలియ్యకు, పిల్లకు అంటుతది" అన్నావు. డాక్టరమ్మను అడిగాను. "ఎవరు చెప్పిన్రమ్మా నీకు?" అని ఆమే కోప్పడింది. అది రక్తం నుంచి రక్తానికే పోతుందట. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా రాదు. పాలివ్వొచ్చు, రొమ్ము పగిలి రక్తం వస్తే మాత్రం మానేదాకా ఆపాలి. కొందరికి వైరస్ దానంతటదే పోతుంది, అది రెండో పరీక్షలో తేలుతుంది. పోకపోతే వారానికో సూది, మాత్రలు, నెలల తరబడి. కష్టమే, కానీ చాలామందికి నయమవుతుంది.

గ్లాసు వేరు చేశావు, మరి సూదో? మన గల్లీకొచ్చే యాదయ్య ఒక్క సూదినే వేడినీళ్లలో ముంచి అందరికీ గుచ్చుతాడు. నా జ్వరానికీ, నీ మోకాళ్లకూ అదే. పైగా "యాదయ్య చెయ్యి మంచిది" అంటావు! ముందు నువ్వు పరీక్ష చేయించుకో. ఆ చుక్క ఉన్నంతకాలం నేను నీ గడప తొక్కను.

నీ కోడలు,
రోజ


నారాయణఖేడ్,
ఆగస్టు 2012

బిడ్డా రోజా,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. అత్తకే నేర్పుతదా అనుకున్న. నీ నోరు మూయించాలనే దవాఖానకు పోయి రక్తమిచ్చిన. నాకు గూడ ఉందట.

ఆదివారం చుక్క గ్లాసు తీస్కపోయి నాకిండ్ల పొయ్యుమన్న. "నీకెందుకు రిబ్కమ్మా?" అన్నడు పాస్టరు. చెప్పిన. పక్కన కూసున్న అమృతమ్మ కొంగు దగ్గరికి గుంజుకొని జరిగింది. అప్పుడు తెలిసింది బిడ్డా, నేను నిన్నేం చేసిన్నో. కోపం నెత్తికెక్కింది. డాక్టరమ్మ మాటలన్నీ నిలబడి గట్టిగ చెప్పిన. పాస్టరు గ్లాసు పక్కకు పెట్టి గిన్నెనే అందిచ్చిండు. నా తర్వాత అమృతమ్మ తాగలె. తాగకుంటె పాయె!

యాదయ్య వస్తే చీపురు తీసిన. మళ్లీ మన గల్లీల కనపడలె.

ఆ ఆదివారమే ఇంటికొచ్చి నీ గ్లాసు మీది చుక్క గోకిన. పాడు రంగు, పోతలేదు. అందుకే గూట్లె ఉన్న గ్లాసులన్నిటికి చుక్కలు పెట్టిన. జల్దీ రా. రెండో పరీక్షకు ఇద్దరం కలిసే పోదాం.

నీ అత్త,
రిబ్కమ్మ