పళ్లు కనిపించిన ఫోటో

ఆదివారం

పొద్దున్నుంచి మబ్బు పట్టింది గానీ చినుకు పడలేదు. ఎండ లేనందువల్ల ఫోటోలకు మంచి వెలుతురు దొరికింది. కంబదూరులో సునంద పెళ్లికి ఫోటోలు తీయడానికి పోయాను.

తాళి కట్టేటప్పుడు కూడా ఆ పిల్ల పెదవులు బిగించుకునే ఉంది. తలంబ్రాలకు కూర్చున్నాక పెళ్లికొడుకు మేనత్త అందరికీ వినపడేట్టు నన్ను అడిగింది.

"ఏమప్పా, పిల్ల నవ్వనే నవ్వదు. ఇష్టం లేని పెండ్లి చేస్తాండారా?"

సునంద నాయన తల దించుకున్నాడు. నేను దగ్గరికి పోయి ఒక్కసారి నవ్వమన్నాను.

"పళ్లు కనపడగూడదని నువ్వే గదన్నా చెప్పినావు, పదో తరగతి హాల్‌టికెట్ ఫోటోకు" అంది.

"అది అందరికీ చెప్తానమ్మా. పరీక్షోళ్ల రూలు."

"అందరికీనా? నా పళ్లు బాగలేవేమో అనుకుంటి."

"పరీక్ష అయిపోయిందిలే, నవ్వు" అన్నాడు పెళ్లికొడుకు.

రెండు చేతుల నిండా బియ్యంతో, నోరంతా తెరిచి నవ్వింది. సరిగ్గా అప్పుడే తీశాను. మేనత్త కెమెరాలో చూసి, "దీన్నే పెద్దది చేసి గోడకెయ్యప్పా" అంది.

ఇన్నేళ్లలో ఇంత మంచి ఫోటో నేను తీయలేదు. బయట చెప్పుకోను గానీ ఇక్కడ రాసుకుంటున్నాను.

రేపు మళ్లీ హాల్‌టికెట్ ఫోటోలకు స్కూలు పిల్లలు వస్తారు. నోరు మూసుకోమనే చెప్పాలి. ఎట్లా చెబితే ఇంకో పిల్ల ఇట్లా అనుకోకుండా ఉంటుందో…

సాయంత్రం నాలుగున్నరకు సునంద అత్తగారి వాళ్లతో గోరంట్లకు బయలుదేరింది.